అడిగేదాకా

"ఆ డబ్బా మూత మీరు తీశారా, తియ్యలేదా అత్తయ్యగారూ? అదొక్కటి చెప్పండి చాలు."

వెంకటదుర్గ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కనకరత్నానికి అంత బెదురు పుట్టేది కాదు. అరిచే కోడలిని ఎలా సముదాయించాలో ఆవిడకి తెలుసు. ఇలా నెమ్మదిగా అడిగే కోడలు కొత్త.

వంటింటి గడప దగ్గర తాటిముంజెల నీళ్ళు ఒలికిపోయి ఉన్నాయి. లోపలున్నది పైకి కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఓ పక్క, దాని మూత ఇంకో పక్క పడున్నాయి. నాలుగేళ్ళ అమ్ములు మామ్మ చంకనెక్కి, మెళ్ళో గొలుసు వేలికి మెలిపెట్టుకుంటూ, బుగ్గన పెట్టుకున్న ముంజెని చప్పరిస్తోంది. కళ్ళ కింద తడి ఇంకా ఆరలేదు.

"తీశాను," అంది కనకరత్నం. "తియ్యక ఏం చెయ్యమంటావు? పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. తినే వస్తువు కళ్ళెదురుగా పెట్టి, మూత బిగించి, అడుగు అడుగు అంటావు. మాటే రాని పిల్ల ఎలా అడుగుతుందమ్మా?"

"మాట అక్కర్లేదండి. డబ్బా తెచ్చి నా చేతికిస్తే చాలు. తియ్యవా అన్నట్టు ఒక్కసారి నా మొహంలోకి చూస్తే చాలు. చూడబోయిందండి. డబ్బా ఎత్తింది కూడా. సరిగ్గా అప్పుడే మీరొచ్చి లాక్కున్నారు."

"నాకేం తెలుసు?"

"నిన్న మజ్జిగ గ్లాసప్పుడూ ఇదే అన్నారు. మొన్న చెప్పులప్పుడూ ఇదే అన్నారు. దానికి ఏం కావాలో నోటిదాకా రాకముందే మీరు అందిస్తుంటే అదెందుకు నోరు తెరుస్తుందండి? మీ ప్రేమే దాని నోరు కట్టేస్తోంది."

ఆ మాట వెంకటదుర్గకే గట్టిగా తగిలినట్టుంది. చప్పున తల తిప్పుకుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

వీధి వసారాలో పేపరు చదువుకుంటున్న కాశీవిశ్వనాథం గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమిటే ఆ గొడవ?" అన్నారు, లోపలికి రాకుండానే.

కనకరత్నం పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"పిల్లదాని గురించేనా? ఎన్నిసార్లు చెప్పాలి మీకు? మా తమ్ముడికి ఐదో ఏడు దాటేదాకా మాట రాలేదు. తరవాత వాడి నోరు మూయించడానికి ఊరంతా కావాల్సొచ్చింది. అన్నీ అవే వస్తాయి."

"మావయ్యగారూ," వెంకటదుర్గ గడప దాకా వెళ్ళి నిలబడింది. "చిన్నమావయ్యగారు పిలిస్తే పలికేవారటండి. చెయ్యి పెట్టి చూపించేవారట. అమ్ములు అవీ చెయ్యదు. డాక్టరుగారు పేరు పెట్టి మరీ చెప్పేరు కదండి, ఆటిజం అని."

ఆ పేరు వినగానే కాశీవిశ్వనాథం గారు వీధిలోకి చూశారు, ఎవరైనా విన్నారేమోనని. తరవాత పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఈ రెండు నెలలుగా కోడలు పిల్లని తీసుకుని అమలాపురం ఎందుకు తిరుగుతోందని అడిగిన వాళ్ళందరికీ ఆయన చెబుతున్నది పళ్ళ డాక్టరు దగ్గరికని.

వెంకటదుర్గ మళ్ళీ అత్తగారి వైపు తిరిగింది.

"అమలాపురంలో గది చూసుకున్నానండి. దాన్ని తీసుకెళ్ళే థెరపీ సెంటరు వెనక వీధిలోనే. ఆదివారం పొద్దున్న వెళ్ళిపోతాం, నేనూ అదీ. కువైట్‌కి ఫోన్ చేసి మీ అబ్బాయితో కూడా చెప్పేను."

"వాడేమన్నాడు?"

"అమ్మ ఏమంటుందో కనుక్కో అన్నారు."

"మరి కనుక్కున్నావా?"

వెంకటదుర్గ వంగి, నేల మీద డబ్బా తీసి, మూత పెట్టి, గట్టు మీద ఉంచింది.

"లేదండి," అంది.

*

ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ అన్నం దగ్గర ఎవరూ కుదురుగా కూర్చోలేదు. అమ్ములు ఒక్కతే కడుపునిండా తిన్నది. తినిపించింది కనకరత్నమే. వెంకటదుర్గ అడ్డురాలేదు. ఆ అడ్డురాకపోవడమే ముద్ద ముద్దకీ కనకరత్నానికి ముల్లులా గుచ్చుకుంది. వెళ్ళిపోయేవాళ్ళు తగువు పడరు.

మనవరాలు పుట్టిన దగ్గర్నించీ కనకరత్నం చేతులకి వేరే పని లేదు. కోడలు పురిటి నీరసంతో మంచం దిగలేని రోజుల్లో రాత్రీ పగలూ మోసింది తను. అమ్ములు అందరి పిల్లల్లా 'అత్త', 'తాత' అనకపోయినా, ఆ పిల్ల లోపల ఏం జరుగుతోందో కనకరత్నానికి ఎండా వానా తెలిసినంత తేలిగ్గా తెలిసేది. ఆ తెలియడం తప్పెలా అవుతుంది? తప్పని ఎవరు చెప్పారు? ఆ సెంటర్లో పద్మశ్రీ అనే ముక్కూమొహం తెలియని పంతులమ్మ చెబితే, కన్నబిడ్డ కంటే ఎక్కువగా పెంచిన పిల్లని గుమ్మం దాటించేస్తుందా కోడలు?

ఆ పంతులమ్మనే అడగాలి అనుకుంది.

మర్నాడు శనివారం. మనవరాలి మాట కోసం ఆవిడ వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు మొక్కుకుంది. ఎప్పటిలా తలంటుకుని, పసుపు రంగు చీర కట్టుకుని మామిడికుదురు సెంటర్లో బస్సెక్కింది. బస్సు నిండా వాడపల్లి వెళ్ళే ఆడవాళ్ళే. బోడసకుర్రు వంతెన మీద గోదావరి కనబడగానే అందరూ "గోవిందా" అన్నారు. కనకరత్నమూ అంది. అమలాపురంలో మాత్రం దిగిపోయింది. 'స్వామీ, ఈ శనివారం నీ దగ్గరికి రావడం లేదు, ఏమీ అనుకోకు' అని బస్సు వెళ్ళినవైపు దణ్ణం పెట్టి, ఆటో ఎక్కింది.

*

థెరపీ సెంటరు ఓ మేడ మీద ఉంది. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు. లోపల ఓ గదిలో చాప మీద కూర్చుని చెక్కబొమ్మలు బుట్టలో సర్దుతున్న అమ్మాయి తలెత్తి చూసింది. ముప్పై ఏళ్ళుండవు.

"పద్మశ్రీ అంటే మీరేనాండి?"

"ఆయ్, నేనేనండి. రండమ్మా, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. పిల్లల నోటి ముందు తిండి పెట్టి ఏడిపించమని తల్లులకి నేర్పేది మీరేనా అని అడగడానికొచ్చేను."

పద్మశ్రీ లేచి నిలబడింది. కోపం తెచ్చుకోలేదు. ఆవిడ మెడవైపు ఓసారి చూసి, చిన్నగా నవ్వింది.

"అమ్ములు వాళ్ళ మామ్మగారు కదండీ?"

"ఎవరు చెప్పేరు?"

"ఆ గొలుసు మెలికలు చూశానండి. ఇక్కడ నా గొలుసూ అలాగే మెలిపెడుతుంది, నా ఒళ్ళో బాగుందనిపిస్తే."

కనకరత్నానికి తన మనవరాలు ఇంకొకరి ఒళ్ళో గొలుసు పట్టుకుని కూర్చున్నట్టు కళ్ళకి కట్టింది. అసూయ లాంటిదేదో వచ్చింది. దాని వెనకాలే ఊరట లాంటిది కూడా. రెండిట్లో ఏది ముందో తేల్చుకోలేక కుర్చీలో కూలబడింది.

పద్మశ్రీ మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఏడిపించమని నేను చెప్పలేదండి. ఏడుపు మొదలైందంటే ఆ పూటకి పాఠం అయిపోయినట్టే. పిల్ల చెయ్యి చాపినా, ఓ చూపు చూసినా వెంటనే ఇచ్చెయ్యమన్నాను. దుర్గగారు కంగారు పడుతున్నారు. జూన్‌లో బళ్ళో వెయ్యాలని తొందర. ఆవిడతో నేను మాట్లాడతానండి. అది నేను చూసుకోవాల్సిన పని."

దెబ్బలాడటానికి వచ్చిన మనిషికి ఎదుటివాళ్ళు ఒప్పేసుకుంటే ఇంకేం మిగులుతుంది? కనకరత్నం నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. లేవబోతుంటే పద్మశ్రీ అడిగింది.

"అమ్ములుకి దాహం వేస్తే మీకెలా తెలుస్తుందమ్మా?"

"ముక్కు రుద్దుకుంటుంది."

"ఆకలైతే?"

"నా కొంగు నోట్లో పెట్టుకుంటుంది. నేను లేకపోతే తన గౌను."

"నిద్రొస్తే?"

"నిద్రొస్తే ఏమీ చెయ్యదండి. అస్తమానం గంతులేసే పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుందంటే నిద్రే." చెబుతుంటే కనకరత్నం మొహం విప్పారింది. ఇవన్నీ ఇంతవరకూ ఎవరూ ఆవిడని అడగలేదు. "కడుపులో నొప్పి వస్తే గోడకి వీపు ఆనించి నిలబడుతుంది. ఎవరు పిలిచినా కదలదు. వాము నీళ్ళు పట్టి, పొట్ట మీద ఆముదం రాస్తే కాసేపటికి తనే వస్తుంది."

పద్మశ్రీ నవ్వు ఆగిపోయింది.

"గోడకి ఆనుకుంటే కడుపునొప్పా అండి?"

"అవునండి. ఏం?"

"మొన్న గురువారం ఇక్కడ ఆ గోడకే ఆనుకుని నిలబడిందండి. ఆటకి రానంటోందేమో అనుకున్నాం. బుడగలు ఊదేం, పాటలు పాడేం, ఇద్దరం పక్కన కూర్చుని ఎన్ని విధాలుగానో పిలిచేం. చాలాసేపు ఏడ్చింది. ఎందుకో మాకు తెలీలేదు. దుర్గగారికీ తెలీలేదు."

కనకరత్నం ఆ గోడవైపు చూసింది. దాని మీద ఏనుగు బొమ్మా, చేప బొమ్మా ఉన్నాయి. వాటి మధ్య ఖాళీలో అమ్ములు వీపు ఆనించి, నొప్పికి ఏడుస్తూ నిలబడ్డట్టు అనిపించింది. చుట్టూ మంచివాళ్ళే. అమ్మ ఉంది. అయినా ఒక్కత్తే.

"తప్పు మాదేనండి, మేం కనుక్కోవాల్సింది," అంది పద్మశ్రీ. "కానీ అమ్మగారూ, అమ్ములుకి భాష లేదని మేమనుకుంటున్నాం. ఉందండి. చదవగలిగింది మీరొక్కరే. మీ ఒళ్ళో ఉన్నంతసేపూ దానికి లోటు లేదు. బళ్ళో ఎవరు చదువుతారండి? రేపు మీరు ఊళ్ళో లేనప్పుడు?"

ఊళ్ళో లేనప్పుడు అని అందిగానీ, ఆ అమ్మాయి మనసులో ఉన్నదేమిటో కనకరత్నానికి అర్థమైంది. అరవై దాటిన మనిషికి అర్థం కాకుండా ఉంటుందా?

కొంగు సర్దుకుని, "నన్నేం చెయ్యమంటారు?" అంది.

"ఆగమంటానండి. అంతే. దానికి బాగా సరదా అయిన పని ఒకటి చూసుకోండి. చేస్తూ చేస్తూ మధ్యలో ఆగండి. నవ్వుతూ ఆగండి. చూపో, చెయ్యో, చిన్న కూతో, ఏదొచ్చినా అడిగినట్టే లెక్క. ఠక్కున ఇచ్చెయ్యండి. రాకపోతే దాని చెయ్యి పట్టుకుని ఎలా అడగాలో చూపించి, అప్పుడూ ఇచ్చెయ్యండి. ఏడుపు దాకా తేవద్దు."

"ఓస్, ఇంతేనా?"

"ఇంతేనండి. కష్టం పిల్లకి కాదు, మీకు."

*

ఆదివారం పొద్దున్న గదిలోంచి బ్యాగు జిప్పు లాగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కనకరత్నం ఏమీ ఎరగనట్టు పెరట్లో నీళ్ళ గోళెం పక్కన పీట వేసి, అమ్ములుకి నూనె రాసి కూర్చోబెట్టింది. ఆ పిల్లకి లోకంలో అన్నిటికన్నా ఇష్టం, నెత్తి మీదనుంచి నీళ్ళు జలజలా జారడం. కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు పైకెత్తి, నీళ్ళు జారిపోయాక కిలకిలా నవ్వుతుంది.

చెంబుతో ముంచి పోసింది. పిల్ల నవ్వింది. మళ్ళీ పోసింది. మళ్ళీ నవ్వింది.

ఆ తరవాత చెంబు నిండా ముంచి, పైకెత్తి, ఆగింది.

ఆగానని అనుకుంది గానీ, చెయ్యి దానంతటదే వంగిపోయింది. నీళ్ళు పడిపోయాయి. 'పాడు చెయ్యి' అని తిట్టుకుంది. మళ్ళీ ముంచింది. ఈసారి కళ్ళు మూసుకుని భుజాలెత్తిన పిల్ల మీద నీళ్ళు పడలేదు. అమ్ములు ఓ కన్ను తెరిచి చూసింది. పీట మీద అరిచేత్తో టపటపా కొట్టింది. పెదవి వంకర తిరగబోయింది. కనకరత్నం చెంబు వంచబోయి నిలిపింది. పోసెయ్యనా? ఏడుస్తుందేమో! నవ్వుతూ ఆగమంది కదా ఆ అమ్మాయి. నవ్వు తెచ్చిపెట్టుకుని, కనుబొమలెగరేసి, "ఊఁ?" అంది.

అమ్ములు చెంబుని చూసింది. చెంబు పట్టుకున్న చేతిని చూసింది. ఆ చేతి వెంట పైకి, పైపైకి చూస్తూ వచ్చి, మామ్మ కళ్ళలోకి చూసింది. మామూలుగా ఈగ వాలినట్టు వాలి లేచిపోయే చూపు. అప్పుడు లేవలేదు.

"పొ," అంది.

కనకరత్నం చెంబెడు నీళ్ళూ ఒక్కసారిగా కుమ్మరించేసింది. అమ్ములు కేరింతలు కొట్టింది. ఆవిడ చీరంతా తడిసిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు.

పెరటి గుమ్మంలో వెంకటదుర్గ నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో.

"ఏమందండి?"

దొడ్లోంచి వస్తున్న కాశీవిశ్వనాథం గారు, "ఏమిటి, నిన్ను పొమ్మంటోందా?" అన్నారు తెల్లబోయి.

"పొమ్మనడం కాదండి మావయ్యగారూ." వెంకటదుర్గ తడి నేల మీద అలాగే చతికిలబడింది. "పొయ్యమంటోంది. నీళ్ళు పొయ్యమంటోంది."

మళ్ళీ అంటుందేమోనని ముగ్గురూ చూశారు. అమ్ములు అనలేదు. చెంబు తీసి మామ్మ చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని, భుజాలెత్తి కూర్చుంది. అది కూడా ఇదివరకెప్పుడూ చేసింది కాదు.

పిల్లకి తువ్వాలు చుడుతూ కనకరత్నం, అమలాపురం వెళ్ళిన సంగతి చెప్పింది. గోడ సంగతీ చెప్పింది. వినేసరికి వెంకటదుర్గ మొహంలో నెత్తురు లేదు.

"గురువారం," అంది. "మొండికేస్తున్నావా అని గదమాయించేనండి. చెయ్యి పట్టి లాగేను కూడా."

"నేను చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది? నాకు తెలిస్తే చాలనుకున్నాను ఇన్నాళ్ళూ."

వెంకటదుర్గ తువ్వాలు కొసతో కూతురి చెవుల వెనక తుడిచింది. ఇద్దరి చేతులూ ఆ చిన్న తల మీద ఒకదానికొకటి తగిలాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఇంక ఆ బ్యాగు విప్పేస్తుందనుకుంది కనకరత్నం.

"వెళ్ళాలండి అత్తయ్యగారూ," అంది వెంకటదుర్గ. "మొన్న కోపంతో అన్నాను, ఇప్పుడు కోపం లేదు. ఎండల్లో బస్సు దిగేసరికే అది సోలిపోతోంది. అక్కడికి చేరాక నేర్చుకునే ఓపిక ఎక్కడిదండి? వెనక వీధి అయితే నడిపించుకుని పోతాను." అత్తగారి చేతిలోంచి తువ్వాలు అందుకుని, "మీరూ రండి," అంది.

"నేనా?"

"నాకు తెలియనిది మీకు తెలుసు. మీకు రానిది నేను నేర్చుకున్నాను. దానికి ఇద్దరం కావాలండి."

కనకరత్నం భర్తవైపు చూసింది. కాఫీ కలుపుకోవడం కూడా తెలియని మనిషి. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి, దులిపి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నారు.

"ఇద్దరూ వెళ్ళిపోతే ఊళ్ళో ఏమని చెప్పమంటారే నన్ను? అడిగేవాళ్ళకి ఓ సమాధానం ఉండాలా, అక్కర్లేదా?"

"ఉన్నదే చెప్పండి," అంది కనకరత్నం.

"ఉన్నదంటే?"

ఆవిడ లోపలికి వెళ్ళి, తడిచీర మార్చుకుని, నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది. పెట్టుకుంటున్నంతసేపూ వెనక నుంచి 'వద్దు' అనే మాట వస్తుందేమోనని చెవి ఒగ్గే ఉంది. రాలేదు. 'వెళ్ళు' అన్న మాటా రాలేదు.

ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. వెంకటదుర్గ బ్యాగు ఎక్కించింది. కనకరత్నం అమ్ములుని ఎత్తుకుని అరుగు దిగుతుండగా, చెట్ల మీంచి కాయల దింపు ఎప్పుడు పెట్టుకుంటారో కనుక్కుందామని వచ్చిన కొబ్బరికాయల వర్తకుడు బుచ్చిరాజు గారు గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"ఏమండోయ్ కాశీవిశ్వనాథం గారూ, ఇల్లంతా కదిలినట్టుంది! ఎక్కడికండి ప్రయాణం?"

కాశీవిశ్వనాథం గారు గేటు దగ్గరున్న ఆయనకీ, అరుగు దిగుతున్న భార్యకీ మధ్యలో ఉన్నారు. నోరు తెరిచి, మూసి, భార్యవైపు చూశారు. పెళ్ళయిన నాటినుంచీ నలుగురిలో ఆయన మాట ఎక్కడ తడబడినా టక్కున అందించింది ఆవిడే. ఇప్పుడు కూడా కనకరత్నం నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. చుట్టాలింటికి అనొచ్చు. గుడికి అనొచ్చు. మూడో కంటికి అనుమానం రాకుండా అనడం ఆవిడకి చిటికెలో పని.

ఆవిడ పెదవులు బిగించుకుంది.

"మా మనవరాలికి..." అన్నారాయన. కళ్ళతో మళ్ళీ భార్యని అడిగారు.

కనకరత్నం చంకలో పిల్లని ఎగదోసుకుంది. మొహంలో కోపం లేకుండా, తొందర లేకుండా, ఆయన కళ్ళలోకే చూస్తూ ఆగింది.